ఊరు కాచిన ప్రాణులు
(పెద్ద అంబర్‌పేట్ ప్రజల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఖడ్గమృగపు కొమ్ము మన గోటివంటి పదార్థమే. ఐనను దొంగబజారున దానికి గొప్ప వెల పలుకుచుండుటచే ఆ మృగమును చంపువారు నేటికిని కలరు. ఆఫ్రికాలోని కెన్యా దేశమున, సాంబురు పశుపాలకులు నివసించు ఉత్తర సీమలో, వేటగాండ్ర వలన నల్ల ఖడ్గమృగములు అంతరించినవి. 2015లో సెరా అను చోట ఆ పశుపాలకుల సంఘమే ప్రభుత్వ సహాయముతో వానిని తిరిగి తెచ్చి, తమ యువకులను కాపుంచినది. యాత్రికులు మార్గదర్శకుని వెంట కాలినడకన పోయి వానిని చూడవచ్చును.

మన తెలుగునాట అడవులలో ఖడ్గమృగములు లేవు. కాని ఊరే కావలియై వన్యప్రాణిని కాపాడుట మనకు క్రొత్త గాదు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేట సెప్టెంబరు ప్రాంతమున పెలికాన్ అను గూడబాతులును, పెయింటెడ్ స్టార్క్ అను రంగురెక్కల కొంగలును వచ్చి, ఊరి చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. నౌపడ చిత్తడి నేలలు వానికి మేత భూములు. పలువురు వీనిని సైబీరియా పక్షు లందురు. నిజమునకు ఇవి మన దక్షిణాసియా పక్షులే. అవి వచ్చిన ఏడు ఊరికి శుభమని గ్రామస్థుల నమ్మిక. ఇచ్ఛాపురం వైపునున్న తేలుకుంచిలో దిగు కొంగలు పొలములలోని నత్తలను తినును. నేలపట్టు చెఱువున పక్షుల రెట్ట కలిసిన నీరు పైరునకు బలమని రైతులు చెప్పుదురు. నమ్మికయు లాభమును ఇట్లు చేయి కలిపినవి.

అయితే కష్టమును దాచరాదు. చింతచెట్టుపై గూళ్లున్నచో కాయ దులుపుటకు వీలుపడదు. ఊరందరికి పేరు, చెట్టు యజమానికి నష్టము! కర్ణాటకమున కొక్కరె బెళ్ళూరులో అటవీశాఖవారు చెట్ల యజమానులకు పరిహార మిచ్చుచున్నారు. ఇది దానము గాదు, న్యాయము. కాపాడువానికి కడుపు నిండనిచో ఏ రక్షణయు నిలువదు.

ఇక మీ ఊరి మాట. ఇచ్చటినుండి ఎల్.బి. నగర్ పోవు దారిలో మహావీర్ హరిణ వనస్థలి కలదు. ఒకప్పటి నిజాము వేటభూమి 1975లో జింకల కాశ్రయమై, 1994లో జాతీయోద్యాన మైనది. 3,758 ఎకరముల ఆ వనమున కృష్ణజింకలు తిరుగుచున్నవి. దానిని అటవీశాఖ నడుపుచున్నది. కాని కంచె కీవల నున్నది ప్రజలే. ఔటర్ రింగ్ రోడ్డు మీ ఊరికి వచ్చినది, ఇండ్లు పెరుగుచున్నవి. కంచె ప్రక్క చెత్త పోసినచో ఊరకుక్కలు చేరును. కుక్కలు జింకలను తరుమును. ప్లాస్టిక్ సంచి తిన్న జింక బ్రతుకుట కష్టము.

కావున మేము కోరునది స్వల్పము. చూడబోయినప్పుడు కేకలు వేయవలదు, తినుబండారములు విసరవలదు. గూడున్న చెట్టు క్రింద సందడి చేసినచో తల్లిపక్షి లేచిపోవును; ఆ క్షణముననే కాకి గ్రుడ్డు నెత్తుకొనిపోవును. పిల్లలను తప్పక తీసికొనిపొండు. చూచి యెరిగిన ప్రాణినే వారు రేపు కాపాడుదురు. తేలినీలాపురపు రైతులు చేసిన పని మీకును సాధ్యమే యని విన్నవించుచు సెలవు గైకొనుచున్నాము.