సాంబా సంగీతము – దాని ఆకర్షణ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



బ్రెజిలు దేశపు నాట్యసంగీతమును గూర్చి మాటలాడెదనని చెప్పగా కార్యదర్శిగారు ఒక క్షణ మాలోచించి, “గ్రంథాలయమునకు దానికిని సంబంధమేమండీ?” అని మర్యాదగా అడిగిరి. సంబంధము కలదు. చివర మనవిచేసెదను.

ఆ దేశమున బహియా యను రాష్ట్రము కలదు. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడి చెరకుతోటలలో పనిచేసినవారి సంతతి అచట హెచ్చు. వారు వలయముగా నిలిచి ఆడు నాట్యమునకు ‘సాంబా ద రోడా’ అని పేరు. ఒకరు పాట యెత్తుకొందురు. తక్కినవారు వంత పాడుచు చప్పట్లు చరుతురు. నడుమ సాధారణముగా ఒక స్త్రీ, పాదములు నేలను విడిచినట్లు కానరాకుండ, మిక్కిలి చిన్న అడుగులతో ఆడును. తన వంతు ముగియగానే మరియొకామె యెదుటికి పోయి, నాభికి నాభి తాకించి పిలుచును. వాద్యములలో నాకు మిక్కిలి నచ్చినది వంటింటి పళ్లెము. కత్తితో దాని యంచును గీయుచు లయ పుట్టింతురు! ఈ కళను 2005 లో యునెస్కో మానవజాతి వారసత్వముగా ప్రకటించినది.

బ్రెజిలులో బానిసత్వము 1888 లో రద్దయినది. అంతకు ముందును, తరువాతను బహియావారు అనేకులు రియో నగరమునకు వలసపోయిరి. అట్లు పోయి, మిఠాయిలమ్మి బ్రతికిన సియాటా యను నామె యిల్లు పాటగాండ్రకు కూడలి యయ్యెను. ముందుగదిలో పెద్దమనుషులు మెచ్చు సంగీతము, పెరటిలో సాంబా. పోలీసులకు సాంబా గిట్టదు. జొవావ్ ద బయానా యను నతని కంజీరవంటి వాద్యమును వారు లాగికొనిరి. అతడు వాయించుటకు రాకపోవుటకు కారణము విని, పినేరో మషాడో యను సెనేటు సభ్యుడు తన అభినందన చెక్కించి క్రొత్తది బహూకరించెను. ఈ సంగతి ఆ వాద్యకారుడే పిమ్మట చెప్పుకొనెను.

ఇంతకును వినువారిని అది యెట్లు పట్టును? సాంబా రెండు దెబ్బల నడక. బరువు మొదటిదానిపై గాక రెండవదానిపై పడును. పెద్ద డోలు అచట మ్రోగును. చిన్న వాద్యములో, పడవలసిన చోట పడక, కొంచెము ముందుగానో సందులోనో పడును. మన విద్వాంసులు చెప్పు అనాగతము ఇదియే కాదు గాని, దానికి చుట్టము. ఆ ఖాళీని వినువాని కాలు తానే పూరింపబోవును. కదలక కూర్చుండి వినుట కష్టము. నేను ప్రయత్నించి చూచితిని. కుయీకా యను వాద్యములో చర్మమునకు లోపల సన్నని కర్ర బిగింతురు; తడిగుడ్డతో దానిని రుద్దగా మూలుగో నవ్వో తెలియని ధ్వని వచ్చును. పాటల మాటలును అట్టివే. డోళ్లు పండుగ చేయుచుండగా, పాట చేతిలో కాసులేమిని, విడిచిపోయిన ప్రియురాలిని తలచుచుండును.

ఇక గ్రంథాలయము సంగతి. 1916 నవంబరులో డోంగా యను సంగీతకారుడు ‘పెలో టెలెఫోనీ’ యను సాంబాను రియోలోని జాతీయ గ్రంథాలయమున తన పేర నమోదు చేయించెను. ‘టెలిఫోను ద్వారా’ అని దాని యర్థము. మరుసటియేటి కార్నివాలు ఉత్సవములలో ఆ పాట మారుమ్రోగినది. వెంటనే తగవు పుట్టినది. అది సియాటా యింట పదిమంది కూడి అల్లినదనియు, ఒక్కడు తన పేర వ్రాయించుకొనుట అన్యాయమనియు తోడివారు వాదించిరి. (ఆయన పేరు మన చెవికెట్లు వినబడునో యెరుగుదును, అది ముద్దుపేరు మాత్రమే.) నమోదు లేకున్న ఆ పాటను గూర్చి మనకింత తెలియకపోవును. నమోదైనందున తక్కినవారు మరుగుపడిరి. ఎవరిని తప్పుపట్టవలెనో నాకు నేటికిని తేలలేదు.

మన గ్రంథాలయమువారు నాట్లపాటలు సేకరించి పుస్తకమున కెక్కించుచున్నారని వింటిని. అందు ‘పాడినవారు’ అనుచోట ఒక గీత యున్నది. పది గీతలుంచవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాను.