కంటికి కానరాని ధూళి

మా నాయనగారు ఇరువది సంవత్సరములుగా తెల్లవారుజామున 5 గంటలకు లేచి నడకకు వెళ్ళుచుండెడివారు. చలికాలము వచ్చినచో చెవులకు మఫ్లరు చుట్టుకొని మరీ బయలుదేరెడివారు. తెల్లవారి గాలి అమృతతుల్యమని వారి నమ్మకము. మా నమ్మకమును అదియే. పుష్యమాసమున మా హైదరాబాదు వీధిదీపముల చుట్టును కనబడు తెల్లని తెరను మేము మంచు అనియే తలచితిమి. అందు మంచు పాలు ఎంత, పొగ పాలు ఎంత అని విచారింపవలెనని మాకు తోచనే లేదు. గత చలికాలమున ఒకనాటి ఉదయము వారు నడక మధ్యలో ఛాతి పట్టుకొని ఒక ఇంటి అరుగుమీద కూలబడిరి. అదృష్టవశమున ప్రాణాపాయము తప్పినది. "ఇది గాలివలన వచ్చినదా?" అని మేము వైద్యుని అడిగితిమి. "ఒక్క మనిషి విషయములో ఆ మాట ఎవరును చెప్పలేరు. వేలమందిని లెక్కించినచో చెప్పవచ్చును" అని ఆయన బదులు చెప్పెను. నేటి ప్రసంగమునకు ఆ మాటయే కారణము.

అట్లు లెక్కించిన పిమ్మటనే లోకము కన్ను తెరచిన సందర్భమొకటి కలదు. 1952 డిసెంబరు 5వ తేది, శుక్రవారము. లండను నగరమున చలి తీవ్రముగా నుండెను. ఇంటింట బొగ్గు పొయ్యిలు మండుచుండెను. గాలి స్తంభించెను. పైనున్న వెచ్చని గాలి క్రిందనున్న చల్లని గాలిని కుండకు మూతవలె కప్పివేసెను. పొగ పోవుటకు దారి లేక అయిదు దినములు నగరముపైననే నిలిచెను. బస్సులకు ముందు కండక్టర్లు దీపము పట్టుకొని నడచిరి. ఒక నాటకశాలలో లోపలికి చొచ్చిన పొగవలన రంగస్థలము కానరాక సంగీతనాటకము మధ్యలో ఆగిపోయెను. ప్రదర్శనకు తెచ్చిన మేలుజాతి పశువులు కొన్ని ఊపిరాడక చచ్చెను. మరునాటి పత్రికలకు ఆ పశువులే పెద్దవార్త.

మనుష్యుల మాటేమి? వీధులలో జనులు కుప్పకూలలేదు. వృద్ధులు తమ మంచములమీదనే, పసివారు తల్లుల ఒడిలోనే మరణించిరి. మరణపత్రములలో శ్వాసనాళముల వాపు అనియో, నిమోనియా అనియో, గుండె ఆగినదనియో వ్రాసిరి. పొగ అని వ్రాసినవారు లేరు. శవపేటికలు చాలకపోయినవనియు, పూల అంగళ్ళలో పూలు మిగులలేదనియు, అప్పుడే కొందరికి అనుమానము కలిగినదనియు చెప్పుదురు. పిదప మరణముల పట్టికలు కూర్చి చూడగా మామూలుకంటె సుమారు 4,000 మంది అధికముగా మరణించినట్లు తేలెను. తరువాతి నెలలలో కూడ మరణములు హెచ్చుగానే యుండగా, అది ఇన్‌ఫ్లూయెంజా వలన అని ప్రభుత్వము సమాధానము చెప్పుకొనెను. 2001లో పరిశోధకులు ఆ లెక్కలను తిరిగి శోధించి, మొత్తము సుమారు 12,000 అని తేల్చిరి. ఆ ఇన్‌ఫ్లూయెంజా సమాధానమునకు అర్ధశతాబ్దము ఆయుర్దాయము లభించినదన్నమాట!

1956లో బ్రిటన్ స్వచ్ఛవాయు చట్టము చేసెను. నల్లని పొగ క్రమముగా తొలగెను. కనబడునది పోవుటతో కథ ముగిసినదని పెక్కుమంది భావించిరి. కాని 1993లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధన అది ముగియలేదని చూపెను. ఆరు నగరములలో 8,000 పైచిలుకు పెద్దలను పదునాలుగు సంవత్సరములకు పైగా గమనించిరి. వారి వయస్సు, పొగత్రాగు అలవాటు మున్నగువాని ప్రభావమును తీసివేసి చూచినను, ధూళి అత్యధికముగా నున్న స్ట్యూబెన్‌విల్ అను ఉక్కు నగరములో మరణముల రేటు, అత్యల్పముగా నున్న పోర్టేజికంటె నూటికి 26 వంతులు హెచ్చుగా నుండెను. అక్కడ లండనువలె కన్ను కానరాని చీకటి లేదు. జనులు రోజువలెనే పనులకు పోవుచుండిరి.

ఆ ధూళి యేది? మనము బల్లమీద వ్రేలితో గీసి చూచు దుమ్ము కాదు. మన తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. ఈ సూక్ష్మకణములు 2.5 మైక్రానులకు మించవు; అనగా వెంట్రుక మందములో ముప్పదవ వంతునకు దగ్గర. పెద్ద దుమ్మును ముక్కులోని రోమములును, జిగురును పట్టుకొనును. మనము తుమ్ముదుము, దగ్గుదుము. ఈ సూక్ష్మకణములకు ఆ కావలివారు కనబడనే కనబడరు. అవి ఊపిరితిత్తుల చివరనున్న వాయుకోశముల దాక పోవును. అందు అతిసూక్ష్మమైనవి రక్తములో కూడ ప్రవేశించును. శరీరము వానిని శత్రువులుగా ఎంచి వాపు పుట్టించును. ఆ వాపు ధమనుల గోడలకు ప్రాకును. రక్తము గడ్డకట్టు స్వభావము హెచ్చును.

కావుననే ఈ వ్యాధిని ఊపిరితిత్తులకే పరిమితము చేయుట పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2019లో ఆరుబయటి గాలి కాలుష్యము వలన 42 లక్షలమంది అకాలమరణము చెందిరి. వారిలో నూటికి 68 మంది గుండెజబ్బు వలనను, పక్షవాతము వలనను పోయినవారే. 2013లో ఈ ధూళిని క్యాన్సరు కారకముల మొదటి వర్గమున చేర్చిరి. గర్భిణులు పీల్చినచో శిశువు తక్కువ బరువుతో పుట్టు అవకాశము హెచ్చును. దగ్గు లేదు గనుక గాలి బాగున్నదని అనుకొనుటకు వీలులేదు.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, సంవత్సరపు సగటున ఘనమీటరు గాలిలో 5 మైక్రోగ్రాములకు మించరాదని సూచించినది. మన దేశమున 2009లో నిర్ణయించిన హద్దు 40. అనగా ఆ హద్దు లోపలనున్న గాలి చట్టము దృష్టిలో మంచిదే. ఊపిరి దృష్టిలో కాదు. 2019లో ఆరంభమైన జాతీయ స్వచ్ఛవాయు పథకములో హైదరాబాదు, విజయవాడ, గుంటూరు, విశాఖపట్నము, నెల్లూరు, కర్నూలు, నల్లగొండ మొదలగునవి చేరినవి. అయితే ఆ పథకపు ప్రగతిని ఎక్కువగా 10 మైక్రానుల పెద్దధూళితోనే కొలిచిరి. రోడ్లు ఊడ్చి నీళ్ళు చల్లినచో ఆ లెక్క తగ్గవచ్చును. డీజిలు పొగనుండియు, కాలిన చెత్తనుండియు పుట్టు సూక్ష్మధూళికి చీపురు జవాబు కాదని మా అభిప్రాయము.

తెల్లవారి గాలి సంగతికి వత్తము. లండను మూత మన నగరములకును కలదు. అంత దళసరిది కాకపోవచ్చును. చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడును. నేలనంటిన గాలి బరువై క్రిందనే యుండును. వేకువనుండి బడిబస్సులు, లారీలు, వీధిమూలల చలిమంటలు విడుచు పొగ ఆ మూతక్రిందనే పోగగును. ఎండ నేలను వేడిచేసిన పిదప, తొమ్మిది పది గంటలకు, మూత తొలగును. కావున చలికాలమున మనము స్వచ్ఛమని నమ్మిన ఘడియలే తరచుగా చెడ్డ ఘడియలు.

భోగి పండుగ సరిగా ఆ ఘడియలలోనే వచ్చును. పిడకలు, ఎండుకట్టెలు వేయు ఆచారమును మానుమని మేము అనము. పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు మంటలో వేయుట ఏ పెద్దలు చెప్పిన ఆచారము? ఇంటిలోపల కూడ పొగ గలదు. దోమలచుట్ట ఒక్కటి కాలినచో వెలువడు సూక్ష్మధూళి 75 మొదలు 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ప్రకటితమైన ఒక పరిశోధన చెప్పుచున్నది. తలుపులు మూసి పసిబిడ్డ ప్రక్కన దానిని వెలిగించుకంటె దోమతెర కట్టుట మేలు. ముక్కుకు కట్టుకొను చేతిరుమాలు పెద్ద దుమ్మును ఆపును గాని దీనిని ఆపజాలదు. అందులకు ఎన్-95 అను ముసుగే కావలెను, అదియును ముఖమునకు సందులేకుండ అమరినచో.

మా నాయనగారు ఇప్పుడు చలికాలమున పది గంటలకు, ఎండ బాగుగా కాచిన పిదప, వాహనములు తక్కువగా తిరుగు లోపలి వీధిలో నడచుచున్నారు. వేకువ నడక మిత్రులు మొదట వారిని చూచి నవ్విరి. ఈ ధనుర్మాసమున వారిలో ఇద్దరు పది గంటలకే మా గుమ్మము ముందుకు వచ్చి నిలుచుచున్నారు.