ఒక కొవ్వు పదార్థం, ఒక క్రియాపదం
(సోలాపురంలో తెలుగు కుటుంబాల ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యురాలిని కాను, అనువాదకురాలిని. ఒక క్రియాపదం దగ్గర నేను పొరబడబోయిన సంగతి చెప్పడానికే మీ ముందు నిలిచాను.

మన ఆరోగ్య పుట కోసం ఒక ఆంగ్ల వ్యాసం నా చేతికి వచ్చింది. పామిటాయిల్‌ఇథనోలమైడ్ అనే కొవ్వు పదార్థాన్ని గురించినది. పేరు పలకడానికి నాలుక తిరగదు గనుక పి.ఇ.ఎ. అందాం. ఇప్పుడు దీనిని గుళికలుగా అమ్ముతున్నారు. అది రోగనిరోధక వ్యవస్థకు ‘సపోర్ట్’ అని వ్యాసంలో ఉన్నది. నేను క్షణం ఆలోచించక ‘రోగనిరోధక శక్తిని పెంచును’ అని వ్రాశాను. మహమ్మారి నాళ్ల నుండి మనందరి చెవులకు అలవాటైన మాట అది.

అచ్చుకు పంపేముందు చిత్తుప్రతిని ఇరుగుపొరుగువారికి చదివి వినిపించడం నా అలవాటు. మా వాడకట్టులో బీడీలు చుట్టే ఒక పెద్దమ్మ ఉన్నది. కొన్నేళ్లుగా ఆమెకు రుమటాయిడ్ కీళ్లవాతం. తెల్లవారితే వేళ్లు బిగుసుకొని తునికాకు పట్టు చిక్కదు. ఆమె విని, “నాకు ఆ శక్తి అదుపు తప్పి నా కీళ్ల మీదనే పడ్డదని గదా బిడ్డా, డాక్టరు దాన్ని తగ్గించే మాత్ర ఇచ్చింది! మళ్ల నువ్వు పెంచుమంటవేంది? ఆ మాత్ర బందు పెట్టాల్నా?” అన్నది.

నాకు నోట మాట రాలేదు. నేను వ్రాసిన ఒక్క పదాన్ని నమ్మి ఆమె మాత్ర మానివేస్తే, ఆ చేతులు ఏమి కావలసినవి? తిరిగి మూలంలోకి వెళ్లాను.

కథ కోడిగ్రుడ్డుతో మొదలవుతుంది. 1940ల తొలి రోజులలో అమెరికాలో కోబర్న్ అనే వైద్యుడు, గుండెను దెబ్బతీసే రుమాటిక్ జ్వరం మాటిమాటికీ వచ్చే పేదపిల్లలకు గ్రుడ్డుసొన పొడిని తినిపించి, జ్వరం తిరగబెట్టడం తగ్గినట్లు గమనించాడు. 1957లో రసాయనవేత్తలు గ్రుడ్డుసొన, సోయా లెసిథిన్, వేరుసెనగ పిండి, ఈ మూడింటి నుండి పి.ఇ.ఎ.ను వేరుచేశారు. 1970లలో చెకొస్లొవేకియాలో దానిని జలుబు, జ్వరాలకు మందుగా సైనికులపైనా కర్మాగారపు కార్మికులపైనా పరీక్షించారు. ఆ పిమ్మట ఆ మందు వాడుక ఆగిపోయింది.

అది శరీరంలో చేసే పని ఏమిటో చాలాకాలం తెలియలేదు. 1993లో రీటా లెవి-మాంటల్చీని బృందం ఒక దారి చూపింది. నోబెల్ బహుమతి పొందిన ఈ ఇటలీ శాస్త్రవేత్త యుద్ధకాలంలో, యూదులకు విశ్వవిద్యాలయాల తలుపులు మూసిననాడు, తన పడకగదిలోనే కోడిగ్రుడ్డు పిండాలపై పరిశోధన సాగించిన ధీర. ఆమె బృందం మాస్ట్ కణాలను పరిశీలించింది. (ఈ ‘మాస్ట్’ జర్మన్ మాట. బలిసినదని భావం. మన ‘మస్తు’కు చుట్టరికం లేదు గానీ, పేరు మాత్రం చక్కగా అతికింది.) గాయమైనచోట ఈ కణాలు తమ సంచులు విప్పి హిస్టమిన్ వంటి పదార్థాలను కుమ్మరిస్తాయి. అప్పుడే ఎరుపు, వాపు, వేడి, నొప్పి పుడతాయి. ఆ నాలుగింటినీ కలిపి ఆంగ్లంలో ‘ఇన్‌ఫ్లమేషన్’ అంటారు. మన ‘వాపు’ అందులో ఒకదానినే చెబుతుంది, ‘మంట’ మరొకదానిని. నేను ‘శోథ’ అని వ్రాసి, ప్రక్కన నాలుగు లక్షణాలూ విడమరిచాను.

దెబ్బ తగిలినప్పుడు కణాలు తమ పొరలలోని కొవ్వు నుండి అప్పటికప్పుడు పి.ఇ.ఎ.ను తయారుచేసుకుంటాయి. మాస్ట్ కణాల ఉద్రేకాన్ని అది తగ్గిస్తుంది. కణకేంద్రకంలోని పీపార్-ఆల్ఫా అనే గ్రాహకాన్ని తట్టి, శోథను రేపే జన్యువుల పనిని నెమ్మదింపజేస్తుంది. ఆ తరువాత ఎంజైములు దానినీ విరగ్గొట్టివేస్తాయి. అంటే ఇది సేనను పెంచే పదార్థం కాదు, యుద్ధం హద్దు మీరకుండా చూసే పదార్థం. నేను వ్రాసిన ‘పెంచును’ తప్పు మాత్రమే కాదు, తలక్రిందులు.

గుళికల మాట. దీర్ఘకాలపు నొప్పుల విషయంలో కొన్ని పరీక్షలు కొంత ఉపశమనం చూపాయి. వాటిలో చాలావరకు చిన్నవి. కీళ్లవాతానికి వైద్యులిచ్చే మందుల స్థానంలో దీనిని వాడవచ్చునని చెప్పే ఆధారం లేదు. ఇంత మాత్రానికి వందల రూపాయలు పోయడం నాకు నచ్చదు. అది నా అభిప్రాయం.

“మరి మన శేంగా చట్నీలో ఉన్నట్టే గదా?” అని పెద్దమ్మ అడిగింది. ఉన్నది, మైక్రోగ్రాములలో. పరీక్షలలో ఇచ్చిన ఒక రోజు మోతాదు, అంటే 600 మిల్లీగ్రాములు, పల్లీల నుండే రావాలంటే క్వింటాలుకు పైగా తినాలి. చెబితే ఆమె నవ్వింది. “అయితే రుచికే తింటా” అన్నది.

అచ్చుకు వెళ్లిన వాక్యం ఇది: ‘ఈ పదార్థం శరీరంలోని శోథను అదుపులో ఉంచడంలో పాలుపంచుకుంటుంది. దీనిని నమ్మి వైద్యులిచ్చిన మందు మానరాదు.’ రెండవ వాక్యం మూలంలో లేదు. అడిగి చేర్పించాను. పెద్దమ్మ తన వారపు మాత్రను మానలేదు.

గుళికలు కొన్నవారు ఎవరైనా ఉంటే, ఆ డబ్బాను, మీరు వాడే తక్కిన మందుల చీటీని ప్రక్క గదిలో ఉన్న డాక్టరు గారికి చూపండి. వారు ఎనిమిది గంటల వరకు ఉంటారు.