కత్తెర పట్టిన అవ్వ



ఇంగ్లాండు దేశంలో మేరీ డెలానీ అనే ఆమె ఉండేది. 1700లో పుట్టింది. భర్త చనిపోయాడు. 72 ఏళ్లు వచ్చాయి. ఆ వయసులో మన ఊళ్లో అయితే మూలన కూచోమంటారు.

1772లో ఒక రోజు ఆమెకు ఎర్ర కాగితం ముక్క కనిపించింది. పక్కనే ఎర్ర పువ్వు. రెండూ ఒకటే రంగు! కత్తెర తీసుకుంది. కాగితాన్ని రేకుల్లాగా కత్తిరించింది. స్నేహితురాలు వచ్చి చూసి, నిజం పువ్వే అనుకుంది!

ఇంక ఆమె ఆగలేదు. నల్ల కాగితం మీద రంగు ముక్కలు అంటించేది. రేకు, ఆకు, కాడ అన్నీ కాగితమే. కొన్ని పూలకు వందల ముక్కలు పట్టాయి. ఇట్లా అతికించిన బొమ్మను కొలాజ్ అంటారు. పదేళ్లలో 900కు పైగా చేసింది. చూపు తగ్గాకే కత్తెర పక్కన పెట్టింది. అవి ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

మన ఇళ్లలో పాత శుభలేఖలు, క్యాలెండర్లు ఉంటాయి కదా? మైదాపిండి ఉడికిస్తే జిగురు అవుతుంది. పల్చగా రాయండి. ఎక్కువైతే కాగితం ముడతలు పడుతుంది.