ఆయువు తీరని మోటారుకారు

జంటనగరములలో పాత మోటారుకారు గల గృహస్థును గుర్తించుట కష్టము కాదు. ఆయన బండిని సమతలమున నిలుపడు. ఏటవాలు వెదకి, ముఖము పల్లమునకు పెట్టి నిలుపుతాడు. ప్రయాణమునకు ముందు అందరు ఆకాశము చూస్తే ఆయన నేల చూస్తాడు. రాత్రి కారిన నూనె మచ్చ నిన్నటికంటె పెద్దదా, చిన్నదా అని. వెనుక సీటు దగ్గర నీళ్ళ డబ్బా, పాత గుడ్డ, గరుకు కాగితము, రెండు ప్లగ్గులు, ఒక ఫ్యాను బెల్టు ఉంటవి. పెండ్లికి పిలిస్తే రెండు గంటలు ముందుగా బయలుదేరుతాడు. ఒక్కొక్కప్పుడు దారిలో ఏ ఆటంకమును రాక, రెండు గంటలు ముందుగానే చేరి, పందిరి వేసేవారితోపాటు కూర్చుంటాడు.

ఇట్టి గృహస్థునకు సికింద్రాబాదు చాల అనుకూలమైన ఊరు. 1806లో సికందర్ జా పేర వెలసిన ఈ కంటోన్మెంటు పట్టణము రాతినేలమీద, ఎత్తుపల్లముల మధ్య ఉన్నది. మారేడుపల్లిలోగాని, తిరుమలగిరి వైపుగాని ఏ వీధిలో నిలుచున్నా ఒక వైపు వాలు ఉండనే ఉంటుంది. బ్యాటరీ చచ్చిన బండిని ఆ వాలులో జారవిడిచి, రెండవ గేరులో వేసి, క్లచ్చి వదలితే చక్రములే ఇంజనును త్రిప్పుతవి. ఈ సౌకర్యము కృష్ణా, గోదావరి డెల్టాలలోని మన బంధువులకు లేదు. అక్కడ బండి తోయడానికి నలుగురిని పిలువవలసినదే.

ఈ ఊరిలో రెండవ సౌకర్యము రాణీగంజ్. అక్కడి మోటారు విడిభాగముల దుకాణములు చూడని పాత బండి యజమాని ఈ ప్రాంతమున ఉండడు. తయారీ ఏనాడో ఆగిపోయిన బండ్లకు కూడ గాస్కెట్టు, క్లచ్చి ప్లేటు, బ్రేకు రబ్బరు అక్కడ వెదకితే దొరుకుతవి. దుకాణదారునికి భాగము పేరు చెప్పనక్కరలేదు. అరిగిన ముక్కను జేబులోనుండి తీసి బల్లమీద పెడితే చాలును. అతడు దానిని వెలుగులో ఒకసారి త్రిప్పి చూసి, లోపలికి వెళ్ళి, దుమ్ము దులుపుతూ దాని కవలను తెస్తాడు.

ఈ బండ్లు ఎందుకు చావవు అనునదే నేడు నేను విచారింపదలచిన విషయము. దీనికి కారణము కొంత చరిత్రలో ఉన్నది, కొంత ఇనుములో ఉన్నది.

చరిత్ర ఏమనగా, స్వాతంత్ర్యానంతరము చాలకాలము మన దేశములో సామాన్యుడు కొనగలిగిన కార్లు మూడే. కలకత్తా దగ్గర ఉత్తరపారలో, ఇంగ్లీషువారి మారిస్ ఆక్స్‌ఫర్డు మూసతో 1950ల చివరినుండి అంబాసిడరు తయారైనది. బొంబాయి కుర్లాలో ఇటలీవారి ఫియట్ తయారై, 1970లలో పద్మిని అను పేరు ధరించినది. మద్రాసులో 1961 నుండి స్టాండర్డు హెరాల్డు వచ్చినది. కావలెనన్నచో సొమ్ము కట్టి, సంవత్సరములు ఎదురుచూడవలెను. కొత్తది దొరకని చోట పాతదానిని చావనిస్తారా? బండి చెడిపోతే బాగుచేయుటయే గాని పారవేయుట అను ఆలోచన ఆ తరమునకు తెలియదు. 1983 డిసెంబరులో మారుతి వచ్చినదాకా ఇదే స్థితి. క్యూబాలో నేటికిని 1950ల నాటి అమెరికా కార్లు తిరుగుతున్నవనగా కారణము ఇట్టిదే. అక్కడ రాజకీయములు తలుపు మూసినవి. ఇక్కడ లైసెన్సులు మూసినవి.

ఇనుము సంగతి ఇంకను ఆసక్తికరము. ఆ ఇంజను పోత ఇనుముతో చేసిన బరువైన దిమ్మె. సిలిండరు అరిగితే దానిని కొంచెము పెద్దదిగా తొలిపించి, కొంచెము పెద్ద పిస్టను వేస్తారు. దీనినే మన మెకానికులు బోరింగు అంటారు. అది కూడ అరిగితే లోపల గొట్టమువంటి స్లీవు తొడిగి మొదటి కొలతకు తెస్తారు. అనగా మరణమునకు చేరువైన ప్రతిసారి ఆ ఇంజనునకు మరొక జన్మ ఉన్నదన్నమాట. నేటి బండిలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె పోతే పెట్టెను మార్చుటయే. ఆ పెట్టె తయారీ ఆగిపోతే బండి ఎంత కొత్తగా మెరసినను కదలదు. పాత బండిలో కంటికి కనబడని అవయవము లేదు. అందులో ప్రతి రోగమునకు ఒక స్థానము, ఒక శబ్దము, ఒక వాసన కలదు.

ఉదాహరణకు వేసవి చూడండి. మే నెలలో ఇక్కడ ఎండ నలుబది డిగ్రీలు దాటుతుంది. పెట్రోలు పంపు ఇంజను ప్రక్కనే బిగించి ఉంటుంది. నెమ్మదిగా సాగు వాహనముల మధ్య ఇంజను కాగినప్పుడు పంపులోని పెట్రోలు ఆవిరియై బుడగలు కడుతుంది. పంపు ద్రవమును తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. బండి నాలుగుసార్లు దగ్గి ఆగిపోతుంది. బానెట్టు ఎత్తి పంపుమీద తడిగుడ్డ వేసి పది నిమిషములు ఊరకుంటే, ఆవిరి మరల పెట్రోలై, ఏమియు జరుగనట్లు బయలుదేరుతుంది. వెనుకనున్నవారు హారన్లు మోగిస్తూ ఉండగా ఆ పది నిమిషములు నిశ్చలముగా నిలబడుటకు కొంత యోగాభ్యాసము కావలెను.

వానకాలపు రోగము వేరు. ప్లగ్గులకు విద్యుత్తు పంచు డిస్ట్రిబ్యూటరు మూతలోనికి తేమ చేరితే నిప్పురవ్వ దారి తప్పుతుంది. మూత తీసి పొడి గుడ్డతో తుడువవలెను. లోపల పాయింట్లు అని రెండు చిన్న లోహపు ముఖములు ఎదురెదురుగా ఉంటవి. వాటి నడుమ ఎడము అర మిల్లీమీటరుకంటె తక్కువ. అది హెచ్చినను తగ్గినను ఇంజనునకు మతి స్థిమితముండదు. అంతటి ఇనుప దిమ్మె బ్రతుకు దళసరి కాగితమంత సందుమీద ఆధారపడి ఉన్నది.

కారును తోయుట అవమానమని కొందరు భావిస్తారు. వారికి ఒక జర్మను ఇల్లాలి కథ చెప్పవలెను. 1888లో బెర్తా బెంజ్, భర్త నిర్మించిన మూడు చక్రముల మోటారుబండిలో, ఆయనకు చెప్పకుండ, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరినది. దూరము నూరు కిలోమీటర్లకు పైబడినది. ఇంధనపు గొట్టము పూడుకొనిపోతే టోపీ సూదితో పొడిచి శుభ్రపరచినది. ఇంధనము అయిపోతే వీస్లోఖ్ పట్టణములో మందుల దుకాణమున కొన్నది. బ్రేకు దిమ్మెలు అరిగితే చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించినది. ఎత్తులు వచ్చినచోట కుమారులు బండిని తోసినారు. మొట్టమొదటి దూరప్రయాణములోనే ఇవన్నియు జరిగినవి. కావున దారిలో ఆగుట, తోయుట, ఉన్న వస్తువుతో బాగుచేసుకొనుట మోటారుకారుతోపాటు పుట్టిన ధర్మములే.

ఇక నా బండి. అది 1978లో తయారైనది. కంపెనీ పేరు చెప్పను. చెప్పినచో అదే కంపెనీ బండి గలవారు నొచ్చుకొంటారు, తక్కినవారు సంతోషిస్తారు. 1994లో, ఉద్యోగము విరమించి స్వగ్రామమునకు పోవుచున్న ఒక రైల్వే అధికారివద్ద కొన్నాను. అప్పటికే దానిని అందరు పాత బండి అన్నారు. తరువాత ఇంజను రెండుసార్లు బోరింగు అయినది. తలుపుల అడుగులు తుప్పుపట్టి కొత్త రేకు పడినవి. సీట్లు, తీగలు, రేడియేటరు, కార్బొరేటరు మారినవి. ఇంటికి వచ్చిన మా అల్లుడు ఒకనాడు, "మామయ్యగారూ, ఇందులో మీరు కొన్న కారు ఎంత మిగిలినదండీ?" అన్నాడు.

ఈ ప్రశ్న చాల పాతది. మిలింద మహారాజు రథమెక్కి వచ్చినప్పుడు నాగసేన భిక్షువు దాదాపు ఇదే అడిగినాడు. ఇరుసు రథమా? చక్రములు రథమా? నొగ రథమా? ఏదియు కాదని రాజు ఒప్పుకొనవలసి వచ్చినది. ఆ భాగములన్నియు కూడినప్పుడు వ్యవహారము కొరకు రథమను పేరు పెట్టుకొన్నామని తేల్చినారు. బౌద్ధులు దీనినుండి ఆత్మ లేదన్న తత్త్వమునకు పోయినారు. నేను అంతదూరము పోలేను. నా బండికి మిగిలినది రిజిస్ట్రేషను పుస్తకమని మాత్రము అల్లునకు చెప్పినాను.

ఆ పుస్తకమే ఇప్పుడు సమస్య. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లుతుంది. పిమ్మట బండిని పరీక్షింపజేసి అయిదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. ఈ పొడిగింపు రుసుము 2022 ఏప్రిలునుండి అయిదువేల రూపాయలైనది. ఇరువదేండ్లు దాటిన కార్లకు 2025లో పదివేలు చేసినారు. స్వచ్ఛందముగా తుక్కునకు ఇచ్చినచో, ఆ ధ్రువపత్రముతో కొనే కొత్త కారు పన్నులో ఇరువదియైదు శాతము వరకు తగ్గింపు ఇవ్వవచ్చునని 2021 కేంద్ర నిబంధనలు చెప్పుచున్నవి. అదే సంవత్సరపు మరొక నిబంధనలో, ఏబదియేండ్లు దాటి, మార్పులేని బండికి పురాతన వాహనమను హోదా కలదు. కాని ఆ హోదా పొందిన బండి ప్రదర్శనలకు, పోటీలకు పోవలెను గాని కూరగాయలకు మోండా మార్కెటుకు పోరాదు. చౌమహల్లా ప్రాసాదములో నిజాముగారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉన్నది. చూడ ముచ్చటయే. అయితే అది ఆరంభమునుండియు సింహాసనమువలె కూర్చుండుటకు పుట్టినది. నా బండి పనిచేయుటకు పుట్టినది.

తుక్కు చేయమనువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. మన దేశములో పెట్రోలు కార్ల పొగపై తయారీ నియమములు 1991లోగాని రాలేదు. అంతకుముందు పుట్టిన కారు విడుచు పొగ నేటి కారు పొగకు ఎన్నో రెట్లు. ఎంత ట్యూనింగు చేసినను ఈ భేదము పోదు. మా వీధిలో ఊపిరితిత్తుల జబ్బు గల ముసలివారు ఉన్నారు. అందువలన నేను వారమునకు రెండుసార్లకు మించి బండి తీయను. ఢిల్లీలోవలె పదునైదేండ్ల గడువు ఇక్కడ పెట్టలేదు గదా అని ఊరట చెందుట న్యాయముకాదు. బొంబాయిలో 2023 అక్టోబరులో చివరి పద్మిని టాక్సీ వీధినుండి నిష్క్రమించినది. దానికి వీడ్కోలు చెప్పినవారిలో ఎందరు రోజూ దాని పొగ పీల్చినవారో!

పెట్రోలు కూడ ఈ బండ్లకు పరాయిదైనది. 2000 ఫిబ్రవరినుండి దేశమంతట సీసము లేని పెట్రోలే వచ్చినది. ప్రజల ఆరోగ్యమునకు అది గొప్ప మేలు. కాని పాత ఇంజనులో ఆ సీసమే వాల్వుల క్రింది పీటలను అరుగకుండ కాపాడేది. గట్టి లోహపు పీటలు వేయించుకొన్నవారు బ్రతికినారు. ఇప్పుడు పెట్రోలులో ఇరువది పాళ్ళు ఇథనాలు. అది నీటిని పీల్చుకొంటుంది, పాత రబ్బరు గొట్టములను మెత్తబరుస్తుంది. వాటిని మార్పించవలెను.

ఇవన్నియు సొమ్ముతో తీరు విషయములు. తీరనిది ఒకటి ఉన్నది. న్యూయార్కు రాష్ట్రములో ఇర్వ్ గోర్డన్ అను సైన్సు ఉపాధ్యాయుడు 1966లో కొన్న వోల్వో కారును, వేళకు నూనె మార్చుచు, 2013 నాటికి ముప్పది లక్షల మైళ్ళు దాటించినాడు. ఆ కారునకు భాగములతోపాటు బాగుచేసే చేతులు కూడ అంతకాలము దొరికినవి. మా బండికి ఆ చేతులు ఒక ఉస్తాదువి. రాణీగంజ్ వెనుక సందులో రేకుల షెడ్డు. ఆయన స్క్రూడ్రైవరు కొనను ఇంజనునకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని వింటాడు. "మూడో వాల్వు, సాబ్" అంటాడు. విప్పితే మూడవదే. వయస్సు డెబ్బది దాటినది. చేతులు వణకుతున్నవి గాని చెవి వణకలేదు. కుమారులు వేరే ఉద్యోగములలో ఉన్నారు. ఆయనవద్ద పని నేర్చినవారు పెద్ద షోరూములకు పోయినారు. అక్కడ కంప్యూటరు తీగ తగిలిస్తే రోగము పేరు తెరమీద పడుతుంది. కార్బొరేటరు విప్పి, ఊది, బిగించి, చెవితో వినుచు మరను పావుచుట్టు త్రిప్పగలవారు ఇప్పుడు వ్రేళ్ళమీద లెక్కకు వస్తారు.

గడచిన మాసమున రిజిస్ట్రేషను పొడిగింపు విషయము ఆయనతో ప్రస్తావించి, "ఉస్తాద్, ఇంకొక అయిదేండ్లు నడుస్తుందా?" అని అడిగినాను. "బండి నడుస్తది సాబ్, నా మాట నేను చెప్పలేను" అన్నాడు.

పొడిగింపు రుసుము కట్టినాను. ఒక షరతు కూడ పెట్టినాను. మా పేటలో పాలిటెక్నికు చదువుచున్న కుర్రవాడొకడు ఉన్నాడు. ఆదివారమునాడు వానిని షెడ్డుకు పంపుతాను, ఉస్తాదు నా బండిమీదనే వానికి పని నేర్పవలెను, ఆ దినపు కూలి నేను ఇస్తాను. ఉస్తాదు మొదట నవ్వినాడు, తరువాత ఒప్పుకొన్నాడు. మొన్న ఆదివారము మొదటి పాఠము జరిగినది. పాయింట్లు శుభ్రపరచుట. కుర్రవాడు ఎడమును మూడుసార్లు తప్పుగా పెట్టినాడట. నాలుగవసారి బండి అందుకొన్నదట. ఈ ఆదివారము కార్బొరేటరు.