సౌరవిద్యుత్ ఒప్పందాలు – మనము చదువవలసిన షరతులు
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మన స్టేషన్ల పైకప్పులపై సౌరఫలకాలను చూస్తున్నారు. అనేకచోట్ల వాటికి రైల్వే పెట్టుబడి పెట్టదు, స్థలమిస్తుంది. కంపెనీ ఫలకాలు బిగించి, 25 సంవత్సరాలపాటు యూనిట్టు ఇంతకని కరెంటు అమ్ముతుంది. ఇందులో లాభమే లేదనను. మధ్యప్రదేశ్‌లోని రీవా 750 మెగావాట్ల కేంద్రానికి 2017లో జరిగిన వేలంలో మొదటి ఏటి ధర 2 రూపాయల 97 పైసలు పలికింది. ఏటా 5 పైసల చొప్పున 15 ఏండ్లు పెరిగినా చేరేది 3 రూపాయల 72 పైసలకే. ఆపైన పెరుగుదల లేదు. ఆ విద్యుత్తులో దాదాపు నాల్గవ వంతు ఢిల్లీ మెట్రోకు చేరుతున్నది. బొగ్గు ధర ఎగిసినా ఆ లెక్క మారదు. ప్రభుత్వ సంస్థకు అది చిన్న నిబ్బరం కాదు.

అయితే ఆ కాగితంలో ధర ఒక్కటే ఉండదు. ఫలకాలు పనిచేయని రోజుల నష్టమెవరిది? పైకప్పు మరమ్మతుకు వాటిని విప్పవలసివస్తే ఖర్చెవరిది? అంతెత్తున వాటిని కడిగే కార్మికునికి కనీస వేతనమూ, నడుముకు రక్షణ బెల్టూ ఎవరివ్వాలి? గడువు ముగిసేనాటికి సంతకం చేసిన అధికారి పెన్షన్ పుచ్చుకుంటుంటాడు. జవాబు చెప్పవలసినది నేడు కొత్తగా చేరిన ఉద్యోగులే. తపాలా కార్యాలయపు మేడపైనైనా ప్రశ్నలివే.

మీ కార్యాలయంలో ఇట్టి ఒప్పందముంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద దాని ప్రతిని కోరండి. ధర పేజీ తరువాత చూడవచ్చు, ముందు నిర్వహణ షరతులు చదవండి.