పసికందు పెదవులు నీలమైతే



పొత్తిగుడ్డ మారుస్తూ అమ్మమ్మ ఉలిక్కిపడుతుంది: "ఇదేమిటే, పిల్ల చేతులు నీలంగా ఉన్నాయి?" పుట్టిన తొలి ఒకటి రెండు రోజులు అరచేతులు, అరికాళ్లు అలా ఉండటం మామూలే. రక్తప్రసరణ ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. బిడ్డను తల్లి ఎదకు ఆనించి వెచ్చగా ఉంచితే రంగు తేరుకుంటుంది.

పెదవుల సంగతి వేరు. బిడ్డ నోరు తెరిచినప్పుడు మంచి వెలుతురులో నాలుక, చిగుళ్లు చూడండి. ఒంటి రంగు ఏదైనా అవి గులాబీ రంగులోనే ఉండాలి. పెదవులతోపాటు నాలుక కూడా నీలంగా ఉంటే రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని అర్థం. ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు, పుట్టుకతో వచ్చిన గుండె లోపం కావచ్చు.

గర్భంలో బిడ్డకు పనికొచ్చిన ఒక రక్తనాళం పుట్టాక కొద్ది రోజుల్లో మూసుకుపోతుంది. కొన్ని గుండె లోపాలు అప్పుడే బయటపడతాయి. అందుకే ఆసుపత్రిలో బాగున్న బిడ్డ ఇంటికొచ్చాక నీలంగా మారవచ్చు. పుట్టిన 24 గంటల తర్వాత కుడిచేతికి, ఒక కాలికి పల్స్ ఆక్సిమీటర్ పెట్టి చూస్తే ఇలాంటివి చాలావరకు ముందే తెలుస్తాయి. నొప్పి లేని పరీక్ష ఇది. ఇంటికి వెళ్లేముందు డాక్టరుగారిని అడగండి.

నాలుక నీలంగా ఉన్నా, నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా దిష్టి తీస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ బిడ్డకు ప్రతి నిమిషమూ ప్రాణమే.